సముద్రమట్టం నుంచి లేహ్‌కు: తొలిసారి వెళ్లే నెల్లూరు, ఒంగోలు వాసుల కోసం

నెల్లూరు నుంచి గానీ ఒంగోలు నుంచి గానీ లేహ్‌కు తొలిసారి బయలుదేరేవారు దూరం గురించి ఎన్నో లెక్కలు వేసుకుంటారు కానీ ఎత్తు గురించి వేసుకోరు. ఎన్ని రోజులు సెలవు పెట్టాలి, టికెట్లకు ఎంతవుతుంది, స్వెట్టర్లు ఎన్ని కొనాలి అన్న ప్రశ్నలు ఇంట్లో పదిసార్లు వస్తాయి. అక్కడి గాలిలో మన ఊపిరి ఎలా ఆడుతుందన్న ప్రశ్న మాత్రం ఒక్కసారి కూడా రాదు. ఒంగోలు నుంచి కొత్తపట్నం, నెల్లూరు నుంచి మైపాడు సాయంత్రం వెళ్లి రాత్రి భోజనానికి ఇంటికి చేరుకునే దూరాలు. అంటే మనం సముద్రమట్టాన్ని ఆనుకుని బతికేవాళ్లం. కొండ అనగానే మనకు తలపుకు వచ్చేది తిరుమల, ఆ తరువాత ఉదయగిరి దుర్గం. ఆ రెండూ మూడు వేల అడుగులకు అటూ ఇటూగా ఉంటాయి. లద్దాఖ్‌లోని లేహ్ పట్టణం 11,500 అడుగుల ఎత్తున, అంటే సుమారు 3,500 మీటర్ల దగ్గర ఉంది. అక్కడ కొండ ఎక్కడమంటూ వేరే అక్కరలేదు, ఊరి బజారులో నిలబడితేనే తిరుమలకు దాదాపు నాలుగింతల ఎత్తున నిలబడినట్టు.

మేము మొదటిసారి వెళ్లినప్పుడు ఈ విషయం తెలియక పొరపాటు చేశాము. ఢిల్లీ నుంచి ఉదయపు విమానంలో దిగి, టిఫిన్ చేసి, మా ప్రయాణం ఏర్పాటు చేసిన మనిషి ఇచ్చిన కాగితం ప్రకారం ఆ రోజే శాంతి స్తూపం మెట్లెక్కాము. మా బావగారు రోజూ తెల్లవారుజామున ఐదు కిలోమీటర్లు నడిచే మనిషి కాబట్టి అందరికంటే ముందు పైకి చేరుకున్నారు. సాయంత్రానికి ఆయనకు తలనొప్పి మొదలైంది. రాత్రి అన్నం వద్దన్నారు, పది గంటలకు వాంతి అయింది. అర్ధరాత్రి దాటాక బయటికి వెళ్లబోతూ, కుడికాలి చెప్పును ఎడమకాలికి తొడుక్కోవాలని రెండుసార్లు ప్రయత్నించి, అది ఎందుకు పట్టడం లేదో తెలియక మా అక్క వైపు చూశారు. ఆ చూపుతో మాకు భయం పట్టుకుంది. మేము దిగిన ఇంటి యజమానురాలు ఆయన ముఖం ఒక్కసారి చూసి, మమ్మల్ని ఏమీ అడగకుండా కొడుకును లేపి కారు తీయించింది. ఆ రాత్రంతా ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు, మరునాడు కాస్త తేరుకోగానే కిందికి వెళ్లిపొమ్మని డాక్టరుగారు చెప్పారు. బావగారు ఇప్పుడు ఆరోగ్యంగా ఉన్నారు. అయితే లేహ్‌లో ఆయన చూసిందల్లా ఒక స్తూపం, ఒక ఆసుపత్రి. రెండేళ్ల తరువాత నేను మళ్లీ వెళ్లి, తొలి రెండు రోజులూ గది, వరండా, దగ్గరి వీధి దాటకుండా ఉండి, ఆ తరువాత పది రోజులు హాయిగా తిరిగి వచ్చాను. ఆ రెండు ప్రయాణాలకూ మధ్య తేడా ఆ రెండు రోజులే. ప్రయాణంలోని మిగతా ఏర్పాట్లన్నీ వాటి చుట్టూనే అల్లుకోవాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

కారణం తెలిస్తే జాగ్రత్త దానంతట అదే వస్తుంది. లేహ్ గాలిలోనూ ఆక్సిజన్ పాలు మన దగ్గర ఉన్నట్టే నూటికి 21 వంతులు. తగ్గేది గాలి ఒత్తిడి. 3,500 మీటర్ల దగ్గర అది సముద్రమట్టం దగ్గరి ఒత్తిడిలో మూడింట రెండు వంతులకు దిగుతుంది కనుక, ఒక్కో ఊపిరితో లోపలికి వెళ్లే ఆక్సిజన్ కూడా ఆ మేరకే ఉంటుంది. ఈ లోటును శరీరం కొన్ని రోజుల్లో సర్దుకుంటుంది. ఊపిరి లోతుగా, వేగంగా తీసుకోవడం మొదటి గంటల్లోనే మొదలవుతుంది. అలా వేగంగా ఊపిరి తీయడం వల్ల రక్తంలో వచ్చే మార్పును మూత్రపిండాలు ఒకటి రెండు రోజుల మీద సరిచేస్తాయి, రక్తకణాలు పెరగడానికి వారాలు పడుతుంది. వ్యాయామం చేసే శరీరమైనా, యువకుల శరీరమైనా ఈ పనిని తొందరగా ముగించలేదు. పైగా బలంగా ఉన్నామన్న ధీమాతో తొలిరోజే పరుగులు తీసేవారికే ఎక్కువగా దెబ్బ తగులుతుంది.

ఎప్పుడు, ఏ దారిన

జూన్ రెండో వారం నుంచి సెప్టెంబరు చివరి వరకు అనువైన కాలం. పిల్లల వేసవి సెలవులని మే నెలలో వెళ్లేవారు కనుమల మీద ఇంకా మంచు ఉంటుందనీ, మనాలి దారి అప్పటికి తెరిచి ఉండకపోవచ్చనీ తెలిసి బయలుదేరాలి. నా మటుకు నాకు సెప్టెంబరు ఇష్టం, ఎందుకంటే జూలై, ఆగస్టు నెలల్లో కశ్మీరు, హిమాచల్ వైపు వానలకు కొండచరియలు విరిగిపడి దారులు మూతపడుతుంటాయి. దసరా సెలవులకు వెళ్లదలిస్తే రాత్రిళ్లు బాగా చలిగా ఉంటాయి, అయినా వెళ్లవచ్చు. నవంబరు దాటాక రోడ్లు చాలావరకు మూసుకుపోయి విమానమే దిక్కవుతుంది. ఆ చలి తొలిసారి వెళ్లే మనవాళ్లకు తగినది కాదు.

చేరుకోవడానికి మూడు దారులు ఉన్నాయి. విమానం సులువైనది. నెల్లూరు వారికి చెన్నై, ఒంగోలు వారికి విజయవాడ విమానాశ్రయం వీలుగా ఉంటుంది. అక్కడి నుంచి ఢిల్లీ, ఢిల్లీ నుంచి గంటన్నర లోపే లేహ్. రైలులో వెళ్లేవారికి నెల్లూరు, ఒంగోలు మీదుగా పోయే గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ ఢిల్లీ చేరుస్తుంది. కానీ విమానంలో ఇబ్బంది ఏమిటంటే, ఢిల్లీలో ఏడు వందల అడుగుల దగ్గర ఎక్కిన మనిషి టీ తాగి కప్పు కింద పెట్టేలోగా 10,700 అడుగుల విమానాశ్రయంలో దిగుతాడు. శరీరానికి మధ్యలో మెట్టు అంటూ ఉండదు.

అందుకని సమయం ఉన్నవారు వెళ్లేటప్పుడు శ్రీనగర్ మీదుగా రోడ్డు దారిన వెళ్లి, వచ్చేటప్పుడు విమానంలో రావడం మంచిదని నా అభిప్రాయం. 2025 జూన్‌లో కట్రా, శ్రీనగర్ మధ్య వందే భారత్ రైలు మొదలయ్యాక శ్రీనగర్ చేరడం మునుపటికంటే తేలికైంది. శ్రీనగర్ సుమారు 5,200 అడుగుల ఎత్తున ఉంటుంది, అక్కడ ఒక రాత్రి. మరునాడు జోజి లా కనుమ దాటి కార్గిల్‌లో రాత్రి బస. కార్గిల్ ఎత్తు 8,800 అడుగులకు దగ్గర. మూడో రోజు ఈ దారి మొత్తంలో ఎత్తైన ఫోటు లా కనుమను 13,479 అడుగుల దగ్గర దాటి, లామాయూరు మఠం చూసుకుని సాయంత్రానికి లేహ్ చేరవచ్చు. శ్రీనగర్ నుంచి మొత్తం సుమారు 420 కిలోమీటర్లు. ఈ దారిలో పగలు ఎత్తుకు ఎక్కినా పడుకునే చోటు మెట్టు మెట్టుగానే పెరుగుతుంది, శరీరానికి కావలసింది అదే.

మనాలి దారి అందంలో దీనికి తీసిపోదు. 2020 అక్టోబరులో 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం తెరుచుకున్నాక రోహ్‌తాంగ్ కనుమ ఎక్కే బాధ కూడా తప్పింది. కానీ ఆ దారిలో చాలామంది రాత్రి ఆగే సర్చు గుడారాలు 14,000 అడుగులకు పైన ఉంటాయి. లేహ్ కంటే ఎత్తైన చోట, శరీరం ఇంకా ఏమీ సర్దుకోకముందే పడుకోవడం తొలిసారి వెళ్లేవారికి మంచిది కాదు. తప్పనిసరైతే కింద కేలాంగ్‌లోనో జిస్పాలోనో రెండు రాత్రులు ఉండి, సర్చులో ఆగకుండా దాటిపోయేలా తెల్లవారకముందే బయలుదేరండి.

బయలుదేరే ముందు

మొదటి పని డాక్టరును కలవడం. గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవారూ, గర్భిణులూ డాక్టరు ఒప్పుకోకుండా ఈ ప్రయాణం పెట్టుకోకూడదు. ఎత్తుకు అలవాటు పడటానికి తోడ్పడే అసిటజోలమైడ్ అనే మాత్ర, బజారులో డయామాక్స్ పేరుతో దొరుకుతుంది. సాధారణంగా 125 మిల్లీగ్రాములు పూటకొకటి చొప్పున రోజుకు రెండుసార్లు, ఎత్తుకు వెళ్లే ముందురోజు నుంచి వాడమంటారు. దానివల్ల వేళ్ల కొసలు తిమ్మిరెక్కినట్టు ఉండటం, మూత్రం ఎక్కువసార్లు రావడం మామూలే. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. మందుల దుకాణంలో ఎవరో చెప్పారని కొనుక్కుని మింగే మాత్ర కాదిది. చక్కెర వ్యాధికి ఇన్సులిన్ తీసుకునేవారు దాన్ని పెద్ద సంచిలో వేయకుండా ఒంటికి ఆనే లోపలి జేబులో పెట్టుకోవాలి, గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ కరిగినా పనికిరాదు.

రెండో పని ఫోను. మన రాష్ట్రంలో తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ మాత్రమే పనిచేస్తుంది. వెళ్లేవారిలో కనీసం ఇద్దరు బయలుదేరడానికి రెండు వారాల ముందే పోస్ట్‌పెయిడ్‌కు మారిపోవాలి, ఆ ఇద్దరివీ వేరు వేరు కంపెనీలు అయితే ఇంకా మేలు. పట్టణం దాటాక లోయల్లో ఏ సిగ్నలూ అందని చోట్లు చాలా ఉన్నాయి కాబట్టి, "రెండు రోజులు ఫోను రాకపోతే కంగారు పడకండి" అని ఇంట్లో పెద్దవాళ్లకు ముందే చెప్పి వెళ్లాలి. మా అమ్మ ఒక రాత్రంతా నిద్రపోకుండా కూర్చున్నాక ఈ పాఠం నేర్చుకున్నాను.

బట్టల విషయంలో మనవాళ్లు ఒకే ఒక్క మందపాటి కోటు కొని సరిపెట్టుకుంటారు. దానికంటే ఒంటికి అంటుకునే లోపలి థర్మల్ దుస్తులు, వాటిపైన ఉన్ని స్వెట్టరు, అన్నిటికంటే పైన గాలి చొరబడని జాకెట్ మేలు. ఎందుకంటే జూలైలోనైనా మధ్యాహ్నపు ఎండలో చొక్కాతో తిరిగే చోట, సూర్యుడు కొండ వెనక్కి వెళ్లిన పది నిమిషాలకే మంకీ క్యాప్ కావలసి వస్తుంది. ఒక్కొక్కటి తీస్తూ తొడుక్కుంటూ ఉండగలగాలి. అక్కడి గాలి పలుచన, ఎండ చురుకు. చలిగా ఉందని ఎండను లెక్కచేయనివారి ముక్కు, చెంపలు రెండో రోజుకు పొట్టు లేచిపోతాయి. మన తీరంలోని ఉక్కపోతకు అలవాటైన చర్మానికి ఆ పొడిగాలి పూర్తిగా కొత్త. పెదవులకు రాసుకునే వాజిలీను, ముక్కు లోపల రాసుకోవడానికి కాస్త కొబ్బరినూనె, సన్‌స్క్రీన్, నల్ల కళ్లద్దాలు మర్చిపోకూడదు.

నగదు ఉంచుకోవాలి. లేహ్ బజారులో ఏటీఎంలు ఉన్నా అన్ని వేళలా డబ్బు ఉండదు, లోయల్లోని ఇళ్లలో నగదే చెల్లుతుంది. ఆధార్ కార్డు జిరాక్సులు అరడజను పెట్టుకోండి. నుబ్రా, పాంగాంగ్ వంటి సరిహద్దు ప్రాంతాలకు వెళ్లడానికి కట్టవలసిన రుసుము, తీసుకోవలసిన కాగితాల నియమాలు అప్పుడప్పుడు మారుతుంటాయి కాబట్టి, లేహ్ జిల్లా యంత్రాంగం వెబ్‌సైటులో ఆ నెలలో ఉన్న నియమాన్ని చూసుకుని వెళ్లాలి. దారిలోని చెక్‌పోస్టులలో కాగితం చూపందే కదలనివ్వరు.

తినేవాటిలో పచ్చడి తీసుకువెళ్లనిదే మనకు ప్రయాణం కాదు. ఇక్కడ మిషను మీద సీలు వేయించిన గోంగూర ప్యాకెట్టు అక్కడికి చేరేసరికి లోపలి గాలి వ్యాకోచించి బంతిలా ఉబ్బుతుంది. మాది సంచిలోనే చిట్లి, నూనె మా అక్క శాలువా నాలుగు మడతలకూ దిగింది. కాబట్టి గాలి పూర్తిగా పిండేసి సీలు వేయించండి, లేదా మూత బిగుతుగా ఉండే స్టీలు డబ్బాలో పైన వేలెడు ఖాళీ వదిలి పెట్టుకుని, దిగాక జాగ్రత్తగా తెరవండి. బస చేసే ఇంటివారికి ఇవ్వడానికి నెల్లూరు మలాయ్ కాజా ఒక డబ్బా పట్టుకెళ్లండి. మా పెట్టె ఖాళీ అయ్యాక కూడా ఆ ఇంటి పిల్లలు దాన్ని వదలలేదు.

తొలి రెండు రోజులు

విమానం దిగగానే ఒంట్లో బాగానే ఉంటుంది. మోసపోయేది ఇక్కడే, ఎందుకంటే ఎత్తు తెచ్చే ఇబ్బంది సాధారణంగా ఆరు గంటల నుంచి ఒక రోజు లోపల తెలుస్తుంది. పెట్టెలు మీరు మోయకండి, మోసేవారికి డబ్బు ఇవ్వండి. గదిని మొదటి అంతస్తులో కాకుండా కింద అడిగి తీసుకోండి. ప్రయాణం చేసి వచ్చి తలస్నానం చేయనిదే ముద్ద ముట్టని ఇళ్లు మనవి. అయినా ఆ ఒక్క రోజుకు తలస్నానం మానుకుని, గోరువెచ్చని నీళ్లతో ముఖం, కాళ్లు, చేతులు కడుక్కుని ఊరుకోవాలని మనస్ఫూర్తిగా కోరుతున్నాను. తడి తలతో ఆ చలిగాలిలో కూర్చుంటే వచ్చే వణుకు, జలుబు, తలనొప్పి ఎత్తువల్ల వచ్చినవో స్నానంవల్ల వచ్చినవో ఎవరూ చెప్పలేని పరిస్థితి వస్తుంది.

పగలంతా ముసుగుతన్ని పడుకోకండి, అలాగని తిరగనూ కూడదు. కూర్చోవడం, మాట్లాడుకోవడం, వరండాలో ఎండకు కుర్చీ వేసుకుని ఎదురుగా స్టోక్ కొండల మీది మంచును చూడటం, సాయంత్రం మెట్లు లేని వీధిలో నెమ్మదిగా ఒక పావుగంట నడక. నడిచేటప్పుడు పక్కవారితో ఆయాసం లేకుండా మాట్లాడగలిగితే ఆ వేగం సరైనది. నీళ్లు దాహం వేయకపోయినా గంటగంటకూ తాగుతూ ఉండాలి. పొడిగాలి ఊపిరితోనే ఒంట్లోని తేమను లాగేస్తుంది, చెమట పట్టదు కాబట్టి మనకు తెలియదు. మద్యం, నిద్రమాత్రలు ఈ రెండు రోజులూ అసలే వద్దు, అవి నిద్రలో ఊపిరిని మందగింపజేస్తాయి.

తొలిరాత్రి నిద్ర సరిగా పట్టదు. కన్ను మూతపడగానే ఊపిరి క్రమంగా లోతై, తరువాత తగ్గి, కొన్ని క్షణాలు ఆగినట్టై, ఉలిక్కిపడి పెద్ద ఊపిరితో మెలకువ వస్తుంది. పక్కన పడుకున్నవారికి ఇది చూస్తే గుండె జారుతుంది. ఎత్తుకు కొత్తగా వచ్చినవారిలో ఇది మామూలే. దిండు ఇంకొకటి వేసుకుని తల కాస్త ఎత్తుగా పెట్టుకుంటే నయంగా ఉంటుంది. కరోనా కాలంలో కొన్న ఆక్సీమీటరు చాలా ఇళ్లలో ఉంది, దాన్ని తీసుకువెళ్లవచ్చు. కానీ తొలిరోజు ఆరోగ్యంగా ఉన్నవారికి కూడా అది 90 కంటే తక్కువ చూపిస్తుంది. ఒంగోలులో 98 చూసిన కళ్లతో అక్కడ 86 చూసి బెంబేలెత్తకండి. అంకె కంటే మనిషి ఎలా ఉన్నాడన్నది ముఖ్యం.

మనిషిని ఎలా చూడాలంటే, కొంచెం తలనొప్పి, అరుచి, నీరసం, కళ్లు తిరిగినట్టు ఉండటం తేలికపాటి ఇబ్బంది. పారాసిటమాల్ వేసుకుని, నీళ్లు తాగి, విశ్రాంతి తీసుకుంటే ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. అది పూర్తిగా తగ్గేదాకా ఒక్క అడుగు కూడా అంతకంటే ఎత్తుకు వెళ్లకూడదు. తలనొప్పి మాత్రకు లొంగకపోయినా, వాంతులు ఆగకపోయినా డాక్టరును చూడాలి. మూడు గుర్తులు కనిపిస్తే మాత్రం ఆ నిమిషమే కదలాలి. కూర్చున్నచోట ఆయాసం వస్తూ దగ్గు తెరలు తెరలుగా రావడం, ముఖ్యంగా నురుగుతో గులాబీరంగు కఫం పడటం మొదటిది, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోందని దాని అర్థం. మాటల్లో, చేతల్లో తికమక రెండోది, మా బావగారి చెప్పు సంగతి అదే. మూడోది నడక తడబడటం. నేల మీద ఒక గీత చూపించి, ఒక పాదం మడమను రెండో పాదం బొటనవేలికి ఆనిస్తూ పది అడుగులు వేయమనండి. తూలిపోతే మెదడుకు వాపు వస్తోందని అనుమానించి, తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. లేహ్‌లో సోనమ్ నోర్బూ స్మారక ఆసుపత్రి ఉంది, అక్కడి డాక్టర్లు ఇలాంటివారిని ప్రతి వేసవిలో చూస్తుంటారు. దీనికి అసలు చికిత్స కిందికి దిగడమే. బజారులో అమ్మే చిన్న ఆక్సిజన్ డబ్బా కొద్ది నిమిషాలకే అయిపోతుంది. అది దగ్గర ఉందన్న భరోసాతో ఆసుపత్రికి వెళ్లడం వాయిదా వేయడం ప్రాణానికి ముప్పు.

పిల్లలు ఉంటే ఇంకో మాట. చిన్నపిల్లలు తలనొప్పి అని చెప్పలేరు. కారణం లేకుండా చిరాకు, ఆటమీద ధ్యాస లేకపోవడం, తిండి మానేయడం కనిపిస్తే అది ఎత్తువల్లేనని అనుకోవాలి.

తిండి, నీళ్లు

లేహ్‌లో నీళ్లు సుమారు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. గిన్నెలో తెర్లుతున్న ఎసరు మన ఎసరంత వేడిగా ఉండదు కాబట్టి, అన్నం ఎంతసేపు ఉడికించినా మెతుకు మధ్య పలుకు మిగులుతుంది. నెల్లూరు మొలగొలుకులు తిని పెరిగినవారికి ఇది పెద్ద బెంగ. ప్రెషర్ కుక్కరులో వండే ఇల్లో హోటలో చూసుకుంటే అన్నం మనకు తెలిసినట్టే ఉంటుంది. తొలి రెండు రోజులు మాత్రం పప్పూ అన్నమూ కొద్దిగా తిని, వేడి థుక్పా తాగడం మేలు. కూరగాయలు, నూడుల్స్ వేసి పలుచగా కాచే ఆ చారు కడుపుకు బరువు అనిపించదు. స్క్యూ అని గోధుమపిండి ముద్దలను కూరగాయలతో ఉడికించేది, ఖంబీర్ అనే మందపాటి రొట్టె ఆ తరువాత తినవచ్చు. వెన్న, ఉప్పు వేసిన గుర్‌గుర్ చాయ్‌ను టీ అనుకుని తాగితే నోటికి ఎక్కదు, చారు అనుకుని తాగితే బాగుంటుంది. జూలై చివర, ఆగస్టులో వెళ్లినవారు చెట్టు మీది ఆప్రికాట్లు తినకుండా రాకండి.

లద్దాఖ్ చలి ఎడారి. ఏడాది మొత్తానికి పడే వాన సుమారు 100 మిల్లీమీటర్లే, ఊళ్లు బతికేది కొండల మీది మంచు కరిగి వచ్చే కాలువల మీద. కనిగిరి పక్క పల్లెల్లో బిందె నీళ్ల కోసం ట్యాంకరు దగ్గర నిలబడ్డవారికి ఈ మాట ఎక్కువ వివరించనక్కరలేదు. బస చేసిన చోట బకెట్టు నీళ్లతో సరిపెట్టుకోవాలి. పల్లెల్లోని ఇళ్లలో నీళ్లు వాడని మరుగుదొడ్లు ఉంటాయి, పైన నేలకు చేసిన కంతలోంచి కింది గదిలోకి పడిన దానిమీద మట్టి, బూడిద పారతో తోస్తారు. అదే ఏడాది తిరిగేసరికి పొలానికి ఎరువు అవుతుంది. అందులో నీళ్లు పోస్తే ఎరువు పాడవుతుంది, ఇంటివారికి కష్టం. నీళ్ల సీసా వెంట తీసుకెళ్లి కాచి వడపోసిన నీళ్లు నింపుకోండి, అక్కడ పడేసిన ప్లాస్టిక్ సీసాను తీసుకెళ్లే దారి లేదు.

ఊళ్లో మెలిగే తీరు

ఒక్క మాట నేర్చుకుంటే చాలు: జూలే. పలకరింపుకూ, సెలవు తీసుకోవడానికీ, కృతజ్ఞతకూ అదే మాట. పేరు చివర 'లే' చేర్చితే మన 'గారు' చేర్చినట్టు. పెద్దవారిని అలా పిలిస్తే వారి ముఖంలో తేడా మీకే కనిపిస్తుంది.

దారి పక్కన కనిపించే చోర్తెన్‌లకూ (బౌద్ధ స్తూపాలకు అక్కడి పేరు), మంత్రాలు చెక్కిన రాళ్లు పేర్చిన మణి గోడలకూ ఎడమవైపుగా వెళ్లాలి, అంటే అవి మన కుడిచేతి వైపు ఉండాలి. అది మన గుడి ప్రదక్షిణమే కనుక మనకు కొత్తగా నేర్పనక్కరలేదు. గుండ్లకమ్మ ఒడ్డున చందవరం మహాస్తూపం చుట్టూ మన పూర్వులు తిరిగిందీ ఇలాగే కదా అని లామాయూరులో తిరుగుతూ నాకు అనిపించింది, ఆ కొండలు ఒక్కసారిగా పరాయివి కాకుండా పోయాయి. మఠాల్లో చెప్పులు బయట విడవాలి, పూజ జరుగుతుంటే ఫ్లాష్ వేయకూడదు, ముసలివారి ఫోటో అడగకుండా తీయకూడదు. సైనిక శిబిరాలు, వంతెనల దగ్గర కెమెరా అసలు బయటికి తీయకండి.

మూడో రోజు నుంచి

మూడో రోజు ఒంట్లో బాగుంటే ఎత్తుకు కాకుండా పడమటి దిక్కుకు, కిందికి వెళ్లండి. నిమ్మూ దగ్గర సింధు, జాంస్కార్ నదులు కలిసే చోటు లేహ్ కంటే పల్లంలో ఉంటుంది. ఒకటి పచ్చగా, ఒకటి మట్టిరంగుతో వచ్చి కొంతదూరం కలవకుండా పక్కపక్కనే సాగే ఆ నీళ్లను చూస్తూ గంట కూర్చోవచ్చు. ఇంకొంత దూరంలోని ఆల్చిలో తొమ్మిది శతాబ్దాల నాటి గోడచిత్రాలు ఉన్నాయి. చీకటి గదిలో కళ్లు అలవాటు పడేదాకా నిలబడితే రంగులు ఒక్కొక్కటిగా బయటికి వస్తాయి. నాలుగో రోజు సెంగె నంగ్యాల్ రాజు 17వ శతాబ్దంలో కట్టించిన తొమ్మిది అంతస్తుల లేహ్ రాజప్రాసాదం, తిక్సే మఠంలోని దాదాపు 15 మీటర్ల మైత్రేయ బుద్ధుడి విగ్రహం చూడవచ్చు. జపాను భిక్షువుల చొరవతో కట్టి 1991లో తెరిచిన శాంతి స్తూపాన్ని ఆ రోజు సాయంత్రానికి ఉంచుకోండి. మెట్లు ఐదు వందలకు పైగా ఉంటాయి, వెనుకవైపు కారు దారి కూడా ఉంది, దాన్ని వాడుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు.

ఐదో రోజు ఖార్దూంగ్ లా దాటి నుబ్రా. కనుమ దగ్గర బోర్డుల మీద 18,380 అడుగులని చాలాకాలం రాసి ఉండేది, కొలతల ప్రకారం అది సుమారు 17,580 అడుగులు. ఏదైనా అక్కడి గాలి ఒత్తిడి మన దగ్గరి ఒత్తిడిలో సగమే. ఫోటో తీసుకుని పదిహేను, ఇరవై నిమిషాల్లో దిగిపోవాలి. అక్కడ పరుగెత్తడం, గట్టిగా అరవడం, డాన్సులు చేయడం వద్దు. నుబ్రాలోని దిస్కిత్ 10,300 అడుగుల దగ్గర, అంటే లేహ్ కంటే పల్లంలో ఉంటుంది కాబట్టి అక్కడ రెండు రాత్రులు హాయిగా నిద్రపడుతుంది. పాంగాంగ్ సరస్సు అలా కాదు, 13,900 అడుగుల ఎత్తున ఉంది. అందుకే నుబ్రా ముందు, పాంగాంగ్ తరువాత అన్న వరుస మార్చకండి. చిన్నపిల్లలు, పెద్ద వయసువారు ఉంటే పాంగాంగ్‌లో రాత్రి బస చేయకుండా తెల్లవారకముందే బయలుదేరి అదే రోజు వెనక్కి రావడం మేలు.

ఈ తిరుగుళ్లకు కారు లేహ్ టాక్సీ సంఘం నుంచి తీసుకోవాలి, ఏ చోటికి ఎంతన్నది వారి రేట్ల పట్టికలో ఉంటుంది. శ్రీనగర్, మనాలి నుంచి తెచ్చిన అద్దె వాహనాలను నుబ్రా, పాంగాంగ్ వైపు తిప్పనివ్వరు. డ్రైవరు "ఈ రోజు పైకి వద్దు" అంటే వాదించకండి. మేఘాన్ని, గాలిని చూసి అతను చెప్పే మాట మన ఫోనులోని వాతావరణ సూచన కంటే నమ్మదగింది.

తిరుగు ప్రయాణం విమానంలో అయితే పొద్దున్నే ఉంటుంది. మధ్యాహ్నానికి లోయలో గాలులు లేస్తాయి, ఎండకు గాలి ఇంకా పలుచనై విమానం లేవడం కష్టమవుతుంది. మబ్బు పట్టితే ఆ రోజు విమానాలన్నీ ఆగిపోవచ్చు. అందుకని లేహ్ నుంచి ఢిల్లీ చేరిన రోజే ఒంగోలు రైలుకు టికెట్టు తీసుకోకండి, మధ్యలో ఒక పూర్తి రోజు వదలండి. విమానం సమయానికి లేస్తే ఆ రోజు ఢిల్లీలో గడుస్తుంది, లేవకపోతే లేహ్ వరండాలో ఎండకు కుర్చీ వేసుకుని ఇంకొకసారి స్టోక్ కొండలను చూడవచ్చు.